న్యాయమైన పందెపు పద్ధతి: నమూనా కార్ల క్లబ్బులకు తగిన పోటీ విధానాల పరిశీలన

వ్యాస సంగ్రహం

పోటీలో గెలుపోటములు పాల్గొనేవారి నైపుణ్యం మీద ఆధారపడినంతగా ఆ పోటీని నిర్వహించే పద్ధతి మీద కూడా ఆధారపడి ఉంటాయి. అవే వాహనాలు, అదే చోదకులు, అదే ట్రాక్ ఉన్నప్పటికీ పద్ధతి మారితే విజేత మారవచ్చు. వినోదం కోసం నమూనా కార్లను నడిపే క్లబ్బులు ఎటువంటి పోటీ విధానాన్ని ఎంచుకోవాలన్న ప్రశ్నను ఈ వ్యాసం వివరిస్తుంది. పూర్వపు నల్లగొండ జిల్లా ప్రాంతంలో కొనసాగుతున్న బండలాగుడు పోటీల నియమాలు, అంతర్జాతీయ నమూనా కార్ల పోటీలలో స్థిరపడిన ఆచారాలు, సాంఖ్యక శాస్త్రంలోని సమతుల్య రచనలు ఈ చర్చకు ఆధారాలు. చివరి భాగంలో మోత్కూర్ వంటి చిన్న పట్టణానికి అనువైన ఒక నమూనా ప్రణాళిక ప్రతిపాదితమైంది.

కీలక పదాలు: పోటీ పద్ధతి, నమూనా కార్లు, బండలాగుడు, నాకౌట్, స్విస్ పద్ధతి, సమతుల్య రచన, వర్గీకరణ.

1. ప్రవేశిక

నమూనా కార్ల క్రీడలో ప్రధానంగా మూడు రకాలు కనిపిస్తాయి. రేడియో తరంగాల ద్వారా రిమోట్‌తో నడిపే కార్లు మొదటి రకం. ట్రాక్‌లోని గాడిలో విద్యుత్తుతో పరుగెత్తే స్లాట్ కార్లు రెండవ రకం. వాలుగా అమర్చిన పలకపై గురుత్వాకర్షణతో మాత్రమే జారే చెక్క కార్లు మూడవ రకం. ఈ మూడింటిలోనూ వాహనం చిన్నదే అయినా, పోటీకి సంబంధించిన ప్రశ్నలు మాత్రం పెద్ద క్రీడల ప్రశ్నలే. ఎవరు ఎవరితో తలపడాలి? ఎన్నిసార్లు తలపడాలి? ఏ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవాలి? ఎక్కువ డబ్బు పెట్టగలిగినవారికి లభించే ఆధిక్యాన్ని ఎలా సరిచేయాలి?

ఈ ప్రశ్నలను చిన్న విషయాలుగా తోసిపుచ్చడానికి వీలులేదు. వృత్తి క్రీడలో ఓడినవారికి జీతం ఉంటుంది, మరుసటి సంవత్సరపు ఒప్పందం ఉంటుంది. వినోద క్లబ్బులో ఓడినవారికి మిగిలేది ఆ రోజు అనుభవం ఒక్కటే. పొరుగు మండలం నుండి రెండు బస్సులు మారి వచ్చిన విద్యార్థికి మూడు నిమిషాల పరుగు తరువాత ఇక పని లేదని చెప్పే పద్ధతి, ఆ విద్యార్థిని మరుసటి నెల రానివ్వదు. అన్యాయం జరిగిందన్న భావన బలపడిన చోట సభ్యులు తగ్గుతారు. సభ్యులు తగ్గిన క్లబ్బు మూతపడుతుంది. కాబట్టి పోటీ పద్ధతిని ఎంచుకోవడం క్లబ్బు మనుగడతో ముడిపడిన నిర్ణయం.

2. న్యాయానికి నాలుగు ప్రమాణాలు

“న్యాయమైన పోటీ” అన్న మాటకు ఒకే అర్థం లేదు. దానిని నాలుగు ప్రమాణాలుగా విడదీసినప్పుడు చర్చ స్పష్టపడుతుంది.

మొదటిది అవకాశ సమానత. ప్రతి పోటీదారుకు దాదాపు సమానమైన పరుగులు లభించాలి. ఒక్క ప్రమాదంతో ఆ రోజు ముగిసిపోకూడదు.

రెండవది పరిస్థితుల సమానత. ట్రాక్‌లోని మంచి వరుస, మంచి సమయం, బలహీనమైన ప్రత్యర్థి కొందరికే దక్కకూడదు.

మూడవది ప్రతిభ వెల్లడి కావడం. ఎక్కువ నైపుణ్యం ఉన్నవారు ఎక్కువ సందర్భాలలో పైస్థానంలో నిలవాలి. మొదటి స్థానానికి మాత్రమే కాదు, రెండు, మూడు స్థానాలకు కూడా ఈ సూత్రం వర్తించాలి.

నాలుగవది నియమాల స్పష్టత. నియమం పోటీకి ముందే ప్రకటితం కావాలి. దానిని ఎవరైనా కంటితో చూసి సరిచూసుకోగలగాలి.

ఈ నాలుగింటినీ ఏ పద్ధతీ పూర్తిగా తీర్చలేదు. సమయం, స్థలం, నిర్వాహకుల సంఖ్య పరిమితమైనవి. అందువల్ల ఏ ప్రమాణాన్ని కొంత వదులుకుంటున్నారో నిర్వాహకులు తెలిసి వదులుకోవాలి.

3. బండలాగుడు పోటీలు: ప్రాంతీయ అనుభవం

పోటీ న్యాయం గురించిన ఆలోచన ఈ ప్రాంతానికి కొత్తది కాదు. ప్రస్తుతం సూర్యాపేట జిల్లాలో ఉన్న మేళ్లచెరువులో శివరాత్రి జాతర సందర్భంగా, మట్టంపల్లిలో శుభవార్త చర్చి ఉత్సవాల సందర్భంగా జరిగే బండలాగుడు పోటీలు ప్రసిద్ధాలు. ఈ రెండు గ్రామాలూ 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు నల్లగొండ జిల్లాలోనివి. ఒంగోలు జాతి గిత్తల జతలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రాంతాల నుండి ఈ బరులకు వస్తాయి.

ఈ పోటీల నిర్మాణాన్ని గమనిస్తే నాలుగు అంశాలు తేటపడతాయి.

ఒకటి, జతలు పక్కపక్కన పరుగెత్తవు. ఒక సమయంలో ఒక జత మాత్రమే బరిలో ఉంటుంది. నిర్ణీత బరువు గల బండను నిర్ణీత సమయంలో ఎంత దూరం లాగిందో అడుగులలో కొలుస్తారు. ప్రత్యర్థి అడ్డుపడ్డాడన్న ఫిర్యాదుకు ఇక్కడ తావు లేదు.

రెండు, పోటీ విభాగాలుగా జరుగుతుంది. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ లేగవయసు నుండి పైకి వర్గీకరణ సాగుతుంది. ఆపైన జూనియర్, సీనియర్ విభాగాలు ఉంటాయి. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. పశువు వయసు గురించి యజమాని చెప్పిన మాటను ప్రమాణంగా తీసుకోరు. నోరు తెరిచి పళ్లు చూస్తారు. వర్గీకరణకు ఆధారం ఎవరైనా సరిచూడగలిగిన లక్షణం కావడం ఇందులోని ముఖ్య విషయం.

మూడు, బహుమతులు ఒక్క విజేతతో ఆగవు. మొదటి స్థానం నుండి దిగువకు తగ్గుతూ పలు స్థానాలకు బహుమతులు ఉంటాయి. దూరం కొలత రూపంలో ఉన్నందువల్ల ప్రతి జత స్థానమూ స్పష్టంగా తేలుతుంది.

నాలుగు, ఈ పద్ధతికి ఒక బలహీనత కూడా ఉంది. ఉదయపు చల్లదనంలో బరిలోకి దిగిన జతకూ, మిట్టమధ్యాహ్నం దిగిన జతకూ పరిస్థితులు ఒకటి కావు. అనేక జతలు లాగిన తరువాత నేల కూడా మారుతుంది. చీటీలు తీసి వరుస నిర్ణయిస్తే పక్షపాతం పోతుంది కాని అసమానత పోదు. చీటీ అదృష్టాన్ని అందరికీ సమాన సంభావ్యతతో పంచుతుంది. అదృష్టాన్ని రద్దు చేయలేదు. ఈ భేదం నమూనా కార్ల పోటీలోనూ కీలకమైనది.

4. నాకౌట్, లీగ్, స్విస్ పద్ధతుల తులన

క్లబ్బులు సాధారణంగా మొదట ఎంచుకునేది నాకౌట్ పద్ధతి. ఓడినవారు వెళ్లిపోతారు, గెలిచినవారు మిగులుతారు. నిర్వహణ సులభం, ఉత్కంఠ ఎక్కువ. 16 మంది ఇద్దరిద్దరుగా తలపడితే 15 పందేలలో విజేత తేలుతాడు. అయితే ఆ 16 మందిలో 8 మంది ఒక్క పరుగుతోనే ఇంటిదారి పడతారు. అవకాశ సమానత అన్న మొదటి ప్రమాణం ఇక్కడ పూర్తిగా దెబ్బతింటుంది.

మూడవ ప్రమాణం కూడా నిలవదు. ప్రతి పందెంలోనూ మెరుగైనవారే గెలుస్తారని భావించినా, ద్వితీయ శ్రేష్ఠుడు ఫైనల్ చేరాలంటే జాబితాలో శ్రేష్ఠుడు లేని సగంలో ఉండాలి. 16 మందిని చీటీలతో అమర్చినప్పుడు ఆ సంభావ్యత 15లో 8 వంతులు, అంటే సుమారు 53 శాతం. దాదాపు సగం సందర్భాలలో రెండవ బహుమతి అర్హత లేనివారికి చేరుతుందన్నమాట. లూయీ కారల్ అన్న కలం పేరుతో ప్రసిద్ధుడైన ఆంగ్ల గణితవేత్త చార్లెస్ డాడ్జ్‌సన్ 1883లో లాన్ టెన్నిస్ టోర్నమెంట్లపై రాసిన చిన్న పుస్తకంలో ఈ లోపాన్నే ఎత్తిచూపాడు. 32 మంది ఆటగాళ్లున్నప్పుడు రెండవ శ్రేష్ఠునికి తన బహుమతి దక్కే సంభావ్యత 31లో 16 వంతులు మాత్రమే.

రెండుసార్లు ఓడినవారే నిష్క్రమించే ద్వంద్వ నాకౌట్ ఈ లోపాన్ని కొంత తగ్గిస్తుంది. 16 మందికి 30 లేదా 31 పందేలు అవసరమవుతాయి. ప్రతి ఒక్కరికీ కనీసం రెండు పరుగులు దక్కుతాయి.

లీగ్ పద్ధతిలో ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరితో తలపడతారు. ఇది న్యాయానికి అతి దగ్గరగా ఉండే పద్ధతి. కాని 16 మందికి 120 పందేలు కావాలి. ఒక రోజులో అది అసాధ్యం.

ఈ రెండింటికీ మధ్యేమార్గం స్విస్ పద్ధతి. 1895లో జ్యూరిచ్‌లోని చదరంగ పోటీలో మొదలైనందున దీనికి ఆ పేరు వచ్చింది. ఎవరూ నిష్క్రమించరు. ప్రతి విడతలోనూ దాదాపు సమాన పాయింట్లున్నవారు తలపడతారు. 16 మందికి నాలుగు విడతలు నడిపితే 32 పందేలు సరిపోతాయి. దీని విలువను తెలుగువారికి బాగా పరిచితమైన ఉదాహరణతో గ్రహించవచ్చు. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ చదరంగ పోటీలో కోనేరు హంపి తొలి ఆటలో ఓడిపోయింది. అయినా 11 ఆటలలో 8.5 పాయింట్లు సాధించి విజేతగా నిలిచింది. అది నాకౌట్ అయి ఉంటే ఆమె ప్రయాణం మొదటి ఆటతోనే ముగిసేది. తొలి తడబాటును సరిదిద్దుకునే అవకాశం ఉంటేనే అసలు ప్రతిభ బయటపడుతుందనడానికి ఇది నిదర్శనం.

5. నమూనా కార్ల పోటీలలో స్థిరపడిన ఆచారాలు

రిమోట్ కార్ల పోటీలలో నాలుగు భూఖండ స్థాయి సమాఖ్యలను కలుపుకొని ఇఫ్మార్ అన్న అంతర్జాతీయ సమాఖ్య పనిచేస్తుంది. ఈ రంగంలో కాలక్రమంలో స్థిరపడిన పద్ధతి ముఖాముఖి నాకౌట్ కాదు; అర్హతా పరుగులు, ఆపై ఫైనళ్లు అన్న రెండంచెల నిర్మాణం.

అర్హతా పరుగులో కొన్ని కార్లు కలిసి ట్రాక్‌పై ఉన్నా, ప్రతి కారుకూ దాని సొంత గడియారం నడుస్తుంది. కారు మొదటిసారి గీత దాటినప్పుడే దాని సమయం మొదలవుతుంది. విద్యుత్ కార్ల విభాగాలలో పరుగు సాధారణంగా ఐదు నిమిషాలు. ఆ వ్యవధిలో పూర్తిచేసిన చుట్ల సంఖ్య, చివరి చుట్టు ముగిసిన సమయం కలిపి ఫలితంగా నమోదవుతాయి. కారులోని ట్రాన్స్‌పాండర్ సంకేతాన్ని ట్రాక్ కింద అమర్చిన తీగ గ్రహిస్తుంది. బండలాగుడులో జత తన దూరంతో తానే పోటీపడినట్లు ఇక్కడ కారు గడియారంతో పోటీపడుతుంది.

అర్హతా ఫలితాలను బట్టి పోటీదారులను సమాన స్థాయి వర్గాలుగా విడదీస్తారు. మొదటి పదిమంది ‘ఎ’ ఫైనల్, తరువాతి పదిమంది ‘బి’ ఫైనల్, ఆపై ‘సి’. కనుక కొత్తగా చేరినవారు కూడా తమ స్థాయివారితో ఫైనల్ ఆడగలరు. కొన్ని విభాగాలలో దిగువ ఫైనల్ విజేతలు పై ఫైనల్‌కు ఎదిగే మెట్ల పద్ధతి ఉంది. విద్యుత్ కార్ల ప్రపంచ పోటీలలో ‘ఎ’ ఫైనల్‌ను మూడుసార్లు నడిపి, ఒక్కొక్కరికి మెరుగైన రెండు ఫలితాలను లెక్కిస్తారు. ఒక ప్రమాదం విజేతను నిర్ణయించకూడదన్నదే దీని వెనుక ఉన్న ఆలోచన.

ఇంకొక ఆచారం గమనార్హమైనది. ఒక విడతలో కారు నడిపినవారు తరువాతి విడతలో ట్రాక్ చుట్టూ నిలబడి, బోల్తాపడిన కార్లను లేపి పెడతారు. ప్రత్యర్థి కారును ఆలస్యం చేయకుండా లేపవలసిన బాధ్యత పోటీదారుని మీదే ఉంటుంది. నియమపత్రం కన్నా ఈ సేవా విధి క్లబ్బులో పరస్పర విశ్వాసాన్ని ఎక్కువగా పెంచుతుంది.

6. వరుసల అసమానత, సమతుల్య పట్టిక

గురుత్వ ట్రాక్‌పై జారే చెక్క కార్ల పోటీ 1953లో అమెరికాలోని కాలిఫోర్నియాలో బాలల స్కౌట్ దళం కోసం డాన్ మర్ఫీ ప్రారంభించినది. ఈ పోటీలోనూ, స్లాట్ కార్లలోనూ ప్రధాన సమస్య వరుసలది. మూడు వరుసలున్న ట్రాక్‌లో ఒక వరుస నునుపుగా, మరొకటి గరుకుగా ఉండవచ్చు. వంపు ఉన్న స్లాట్ ట్రాక్‌లో లోపలి వరుస, వెలుపలి వరుస ఎన్నడూ సమానం కావు. స్లాట్ కార్ల క్లబ్బులు ప్రతి పోటీదారునూ ప్రతి వరుసలోనూ సమానమైన సమయం నడిపించి దీనిని సరిచేస్తాయి.

అయితే వరుసలతో పాటు ప్రత్యర్థులను కూడా సమానంగా పంచగలమా? ఏడు కార్లు, మూడు వరుసలు ఉన్న సందర్భాన్ని పరిశీలించవచ్చు. కార్లకు 1 నుండి 7 వరకు సంఖ్యలిచ్చి ఈ క్రమంలో ఏడు పందేలు నడపాలి. సంఖ్యలు వరుసగా ఒకటవ, రెండవ, మూడవ వరుసలలోని కార్లను సూచిస్తాయి.

మొదటి పందెం: 1, 2, 4
రెండవ పందెం: 2, 3, 5
మూడవ పందెం: 3, 4, 6
నాలుగవ పందెం: 4, 5, 7
ఐదవ పందెం: 5, 6, 1
ఆరవ పందెం: 6, 7, 2
ఏడవ పందెం: 7, 1, 3

ఈ పట్టికలో ప్రతి కారూ మూడుసార్లు పరుగెత్తుతుంది. ప్రతి వరుసలోనూ ఒక్కొక్కసారి పరుగెత్తుతుంది. అంతేకాక ఏ రెండు కార్లను తీసుకున్నా అవి సరిగ్గా ఒక్కసారి ఎదురుపడతాయి. ఏడు కార్లకు 21 జంటలు, ఏడు పందేలలో ఒక్కొక్కదానిలో మూడు జంటలు, మొత్తం 21. ఒక్క జంట కూడా మిగలలేదు, ఒక్కటి కూడా రెండుసార్లు రాలేదు. 13 కార్లు, నాలుగు వరుసలు ఉన్నప్పుడు 1, 2, 4, 10 అన్న అమరికతో మొదలుపెట్టి, పందెం పందేనికీ ప్రతి సంఖ్యకూ ఒకటి కలుపుతూ, 13 దాటితే మళ్లీ ఒకటి నుండి లెక్కిస్తూ పోతే 13 పందేలలో ఇదే గుణం సిద్ధిస్తుంది.

ఈ రచన క్రీడల కోసం పుట్టినది కాదు, పొలంలో పుట్టినది. ఒకే చేనులో ఒక మూల సారవంతంగా, మరొక మూల చవుడుగా ఉన్నప్పుడు వివిధ వంగడాలను న్యాయంగా ఎలా పోల్చాలన్నది వ్యవసాయ ప్రయోగాల సమస్య. ఫిషర్, యేట్స్ ఇంగ్లండ్‌లో ఈ చింతనను అభివృద్ధి చేశారు. రాజ్ చంద్ర బోస్ 1939లో సమతుల్య అసంపూర్ణ ఖండ రచనల నిర్మాణంపై ప్రామాణికమైన పరిశోధన వెలువరించాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించి, కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023) 1940లలో ప్రవేశపెట్టిన లంబకోణీయ అమరికలు ఈ శాఖకు మరింత విస్తృతినిచ్చాయి. వంగడాల స్థానంలో కార్లను, మడుల స్థానంలో వరుసలను ఉంచితే ఆ గణితమే పందెపు పట్టికగా మారుతుంది.

పోటీదారుల సంఖ్య ఎప్పుడూ 7 లేదా 13గా రాదు. సంపూర్ణ సమతుల్యత వీలుకానప్పుడు దేనికి ప్రాధాన్యమివ్వాలన్నది లెక్కింపు విధానాన్ని బట్టి ఉంటుంది. ఫలితాన్ని సమయంతో లెక్కించేటట్లయితే ప్రత్యర్థి ఎవరన్నది అంత ముఖ్యం కాదు. వరుసల సమానత చాలు. మొదటి, రెండవ, మూడవ స్థానాలకు పాయింట్లిచ్చేటట్లయితే ప్రత్యర్థుల సమానత కూడా తప్పనిసరి. బలహీనుల మధ్య వచ్చిన మొదటి స్థానం, బలవంతుల మధ్య వచ్చిన మొదటి స్థానం ఒకటి కావు కదా.

7. ఫలితాన్ని లెక్కించే సూత్రం

పందేలను ఎంత న్యాయంగా అమర్చినా, లెక్కింపు సూత్రం విజేతను మార్చగలదు. ఒక ఊహా ఉదాహరణ: ‘అ’ అన్న పోటీదారు మూడు పరుగుల సమయాలు 20.1, 20.2, 20.2 సెకన్లు. ‘ఆ’ అన్న పోటీదారు సమయాలు 19.8, 20.0, 23.5 సెకన్లు.

అత్యుత్తమ పరుగును మాత్రమే లెక్కిస్తే 19.8తో ‘ఆ’ విజేత. మూడింటి మొత్తం లెక్కిస్తే ‘అ’ 60.5, ‘ఆ’ 63.3, విజేత ‘అ’. అధమ పరుగును వదిలి రెండింటిని కలిపితే ‘అ’ 40.3, ‘ఆ’ 39.8, మళ్లీ ‘ఆ’ విజేత.

ఈ మూడు సూత్రాలలో ఏదీ తప్పు కాదు. మొదటిది వేగాన్ని గౌరవిస్తుంది, రెండవది నిలకడను గౌరవిస్తుంది, మూడవది ఒక్క దురదృష్టాన్ని క్షమిస్తుంది. క్లబ్బు దేనిని గౌరవించదలచుకున్నదో అది ఆ క్లబ్బు విలువలకు సంబంధించిన విషయం. అన్యాయం ఎక్కడ మొదలవుతుందంటే, పరుగులు ముగిసి సమయాలు చేతికి వచ్చిన తరువాత సూత్రాన్ని ఎంచుకున్నప్పుడు. అప్పటికి సూత్రాన్ని ఎంచుకోవడమంటే విజేతను ఎంచుకోవడమే. సమానాంకాలు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది కూడా ముందే రాసి ఉండాలి.

సమయాలను పోల్చడంలో మరొక చిక్కు ఉంది. నల్లగొండ ప్రాంతపు చెల్క నేలపై వేసిన ట్రాక్‌ను తీసుకొందాం. ఉదయం నీళ్లు చల్లినప్పుడు నేల గట్టిపడి చక్రాలకు పట్టు దొరుకుతుంది. ఎండ ఎక్కేకొద్దీ దుమ్ము లేచి మలుపులలో కార్లు జారుతాయి. ఉదయపు సమయాన్నీ మధ్యాహ్నపు సమయాన్నీ నేరుగా పోల్చడం బండలాగుడు బరిలోని సమస్యనే మళ్లీ తెచ్చిపెడుతుంది. దీనికి పరిష్కారం విడతలవారీ పాయింట్లు. ఒక విడతలోని పరుగులను ఆ విడతలోని పరుగులతోనే పోల్చి స్థానాలిస్తారు. చివరికి కలిపేది స్థానాలను, సమయాలను కాదు. విడతలో ఏ బృందం ముందు పరుగెత్తాలన్న క్రమాన్ని కూడా మారుస్తూ పోతే మిగిలిన అసమానత చాలావరకు తొలగుతుంది.

8. ధనం, యంత్రం, నైపుణ్యం

పట్టికలు సరిచేయలేని అసమానత ఒకటి ఉంది, అది ఆర్థికమైనది. ఖరీదైన మోటారు, తేలికైన బ్యాటరీ, ప్రత్యేకమైన టైర్లు కొనగలిగినవారికి ఎంత సమతుల్య పట్టికలోనైనా ఆధిక్యం ఉంటుంది. దీనిని మూడు విధాలుగా ఎదుర్కొంటారు.

మొదటిది వర్గీకరణ. మోటారు స్థాయిని బట్టి విభాగాలు ఏర్పరుస్తారు. విద్యుత్ కార్లలో తీగచుట్ల సంఖ్యను నిర్దేశించిన ‘స్టాక్’ విభాగాలు ఇటువంటివి. పళ్లు చూసి విభాగం నిర్ణయించిన చోట యజమాని మాటతో పని లేనట్లే, సీలు వేసిన మోటారు ఉన్న చోట సభ్యుని హామీతో పని ఉండదు. తనిఖీ చేయలేని నియమం నిజాయితీపరులను మాత్రమే కట్టడి చేస్తుంది. కాబట్టి అటువంటి నియమం లేకపోవడమే మేలు.

రెండవది నిర్వాహకులే మోటార్లను లేదా టైర్లను చీటీల ద్వారా పంచడం.

మూడవది వాహనాలనే మార్చుకోవడం. 1973లో అమెరికాలో ప్రారంభమైన అంతర్జాతీయ ఛాంపియన్ల రేసులో ప్రసిద్ధ చోదకులందరికీ ఒకే విధంగా తయారుచేసిన పోర్షా కార్లు ఇచ్చారు. చిన్న క్లబ్బుకు ఇదే ఆలోచన మరింత సులభసాధ్యం. క్లబ్బు వద్ద నాలుగు ఒకే రకం కార్లుంటే, నలుగురు చోదకులు నాలుగు పరుగులలో నాలుగు కార్లనూ ఒక్కొక్కసారి నడపవచ్చు. కార్ల మధ్య సూక్ష్మ భేదాలున్నా అవి అందరికీ సమానంగా పంచబడతాయి. సొంత కారు లేనివారు కూడా పోటీలో నిలబడగలగడం దీనివల్ల కలిగే పెద్ద ప్రయోజనం.

9. మోత్కూర్ వంటి పట్టణానికి ఒక నమూనా ప్రణాళిక

పూర్వం నల్లగొండ జిల్లాలోనూ ప్రస్తుతం యాదాద్రి భువనగిరి జిల్లాలోనూ ఉన్న మోత్కూర్ వంటి మండల కేంద్రంలో ఒక కళాశాల మైదానం ఆధారంగా క్లబ్బు ఏర్పడిందని ఊహించవచ్చు. మోత్కూర్‌తో పాటు అడ్డగూడూరు, ఆత్మకూరు, గుండాల వైపుల నుండి వచ్చినవారితో కలిపి 12 మంది పోటీదారులు, క్లబ్బు సొంతమైన నాలుగు కార్లు, ఒక ఆదివారం ఉదయం ఉన్నాయనుకొందాం. ఒక్కొక్క పరుగు ఐదు నిమిషాలు. తయారీకి మరో ఐదు నిమిషాలు.

ఇద్దరిద్దరి నాకౌట్ అయితే 11 పందేలు, 110 నిమిషాలు. తొలి విడతలో నలుగురికి నేరుగా ప్రవేశం ఇవ్వవలసి వస్తుంది. అది మరొక అసమానత. కనీసం నలుగురు, ఎక్కువలో ఎక్కువ ఎనిమిది మంది ఐదు నిమిషాల పరుగుతోనే వెనుదిరుగుతారు.

దీనికి బదులుగా ఈ క్రమాన్ని అనుసరించవచ్చు. చీటీలతో నలుగురేసి మూడు బృందాలు ఏర్పరచాలి. నాలుగు విడతలు నడపాలి. విడత విడతకూ ప్రతి చోదకుడు కారు మార్చాలి. నాలుగు విడతలు ముగిసేసరికి ప్రతి ఒక్కరూ నాలుగు కార్లనూ నడిపి ఉంటారు. విడతకు మూడు చొప్పున మొత్తం 12 పరుగులు. ప్రతి విడతలోనూ 12 మందికీ స్థానాలిచ్చి, ఒక్కొక్కరి మెరుగైన మూడు స్థానాలను కలపాలి. ఒక బృందం పరుగెత్తుతున్నప్పుడు మరొక బృందం ట్రాక్ చుట్టూ కార్లను లేపే పనిలో ఉండాలి. బ్యాటరీలను నిర్వాహకులే సమానంగా ఛార్జి చేసి ఇవ్వాలి. లేకపోతే కార్ల సమానత పేరుకే మిగులుతుంది.

తరువాత మెట్ల ఫైనళ్లు. 10, 11, 12 స్థానాలవారు మొదటి మెట్టుపై పోటీపడతారు. ఆ విజేత 7, 8, 9 స్థానాలవారితో, అక్కడి విజేత 4, 5, 6 స్థానాలవారితో, అక్కడి విజేత మొదటి ముగ్గురితో తలపడతాడు. ఈ దిగువ మెట్లలో కార్లను చీటీలతో పంచాలి. చివరి ఫైనల్‌లో నలుగురు నాలుగు కార్లను మార్చుకుంటూ నాలుగు పరుగులు చేయాలి.

మొత్తం పరుగులు 12, 3, 4 కలిపి 19. సమయం 190 నిమిషాలు. నాకౌట్ కన్నా 80 నిమిషాలు ఎక్కువ. దానికి ప్రతిఫలంగా చివరి స్థానంలో నిలిచినవారికి కూడా ఐదు పరుగులు, అంటే 25 నిమిషాల చోదనం లభిస్తుంది. 12వ స్థానంలో ఉన్నవారికి కూడా చివరి ఫైనల్ చేరే దారి తెరిచే ఉంటుంది. ఉత్కంఠ నాకౌట్‌లోనే ఉంటుందన్న వాదనకు ఈ మెట్ల ఫైనళ్లే సమాధానం.

పోటీదారులు 40 మందికి పైగా వచ్చి, ట్రాక్ ఒక్కటే ఉన్నప్పుడు ఈ ప్రణాళిక సాగదు. అప్పుడు తక్కువ అర్హతా పరుగులతో సరిపెట్టుకొని, ఫైనళ్లను స్థాయిలవారీగా విభజించడం తగిన మార్గం. ఆ సందర్భంలో కూడా ప్రతి ఒక్కరికీ కనీసం రెండు పరుగులన్న నియమాన్ని వదులుకోకూడదు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• నాకౌట్ పద్ధతి నిర్వాహకులకు సులభమైనది. కాని కొత్తవారికి కనీస అవకాశాన్ని, రెండవ శ్రేష్ఠునికి తగిన స్థానాన్ని హామీ ఇవ్వలేదు. వినోద క్లబ్బులు దానిని ఏకైక పద్ధతిగా ఎంచుకోవడం తగదు.

• చీటీ పక్షపాతాన్ని తొలగిస్తుంది, అసమానతను తొలగించదు. అసమానతను తొలగించవలసింది వరుసల, కార్ల, క్రమాల మార్పిడి.

• వర్గీకరణకు ఆధారం బండలాగుడు పోటీలలోని పళ్ల వలె ఎవరైనా సరిచూడగలిగినది కావాలి.

• లెక్కింపు సూత్రాన్ని, సమానాంకాల పరిష్కారాన్ని మొదటి పరుగుకు ముందే ప్రకటించాలి.

• క్లబ్బు సొంత కార్లు, మార్పిడి పద్ధతి ఉన్న చోట ఆర్థిక స్తోమత పోటీకి అడ్డంకి కాదు.

ఒక పద్ధతి న్యాయమైనదో కాదో విజేతను అడిగి తెలుసుకోలేము. గెలిచినవారికి ప్రతి పద్ధతీ న్యాయంగానే తోస్తుంది. చివరి స్థానంలో నిలిచిన వ్యక్తి తన ఓటమికి కారణాన్ని పట్టికలో గాక తన పరుగులో వెతుక్కోగలిగితే, మరుసటి పోటీకి మళ్లీ రాగలిగితే, ఆ పద్ధతి న్యాయమైనదని నిర్ణయించవచ్చు.